అరవై ఆరు నంబరు కారు

మా అత్తింటివాళ్లది రేసింగ్ ఫ్యామిలీ. ఈ మాట నేనన్నది కాదు, వాళ్ల కారు మీదే రాసి ఉంటుంది. తలుపు మీద అరవై ఆరు నంబరు, దాని కింద ఇంగ్లీషులో మూడు తరాల రేసింగ్ కుటుంబం అని ఎర్ర అక్షరాలు. బైబిల్లో పుస్తకాలు అరవై ఆరు కాబట్టి ఆ నంబరు. కారు గోడకు గుద్దుకున్నప్పుడల్లా ఆదికాండం మొదలు ప్రకటన గ్రంథం దాకా అన్నీ సొట్టలు పడేవి.

ఆ మూడు తరాల సంగతి నాకు తెలిసినంతగా అమెరికాలోని ఈ బెంటన్‌విల్‌లో ఇంకెవరికీ తెలియదు. మా అమ్మమ్మగారిది రేపల్లె. మా మావయ్య సుందర్ రాజ్ గారి తండ్రి దావీదు రేపల్లె–తెనాలి రోడ్డులో ప్రైవేటు బస్సు తోలేవాడు. స్టాపుకు ముందు చేరిన బస్సుకే జనం ఎక్కుతారు కాబట్టి రెండు కంపెనీల డ్రైవర్లూ రోజూ పోటీలు పడేవారట. ఒకసారి దావీదు తాత పక్క బస్సును దాటబోయి, జనంతో సహా బస్సును కాలవలో దింపాడు. ఎవరూ పోలేదు గానీ కోళ్ల గంపలు కొట్టుకుపోయాయి. ఆనాటి నుంచి ఆయన పేరు కాలవ దావీదు. మావయ్య అమెరికా వచ్చేసరికి ఆ కాలవ దావీదు మొదటి తరం రేసర్ అయిపోయాడు. "మై ఫాదర్ ఆల్సో రేస్డ్. డిఫరెంట్ క్లాస్" అని మావయ్య చెబితే లోకల్ పేపరువాళ్లు శ్రద్ధగా రాసుకున్నారు.

రెండో తరం మావయ్య. ఈ ఊరొచ్చి బ్రేకులూ టైర్లూ బాగుచేసే గరాజ్ పెట్టుకున్నారు. తెలుగు కాంట్రాక్టర్ల కార్లన్నీ ఆయన దగ్గరికే వస్తాయి. వారమంతా గరాజ్, శనివారం రేసు. తోలినన్నాళ్లూ ఆయన గెలిచింది మూడో బహుమతులే. హాల్లో అద్దాల బీరువా నిండా ఉన్నాయి. మా అత్తయ్య జోసఫిన్ దుమ్ము దులిపేటప్పుడు ఆ అంకె గోడ వైపుకు వచ్చేలా తిప్పి పెడుతుంది.

మూడో తరం నా మొగుడు కాలేబ్. సంబంధం తెచ్చిన పాస్టర్ గారు అబ్బాయి ఆటోమొబైల్ రంగం అన్నారు. మెడలో టై, ఏసీ ఆఫీసు ఊహించుకున్నాను. కాపరానికొచ్చిన మొదటి శనివారమే నన్ను రేసు ట్రాక్‌కు తీసుకెళ్లి రేకు బెంచీ మీద కూర్చోబెట్టారు. స్టాక్ కార్ పైకి మామూలు కారులాగే ఉంటుంది, లోపలంతా ఇనప గొట్టాల పంజరం. అందులో మనిషిని బెల్టులతో బిగించేస్తారు. ఆ తర్వాత అందరూ కలిసి ఎడమ వైపుకే తిరుగుతూ గుండ్రంగా పోతారు. పోయి పోయి బయల్దేరిన చోటికే వస్తారు. దీనికి బహుమతిగా కప్పు ఇస్తారు.

నేను చెప్పేది నిరుటి సీజన్ సంగతి. ఏప్రిల్లో చర్చి పార్కింగ్‌లో కారుకు ప్రార్థన పెట్టారు. ఆ ఏడు పెద్ద స్పాన్సర్ చక్రపాణి అంకుల్. ఆయనకు కన్సల్టెన్సీ ఉంది, దాని పేరు బానెట్ నిండా వేయించాడు. పాస్టర్ గారు కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టగానే అంకుల్ సంచిలోంచి నిమ్మకాయలు తీశాడు.

"చక్రపాణి గారూ, ఇది చర్చి అండి," అన్నారు మావయ్య మెల్లగా.

"టైర్ కింద పెడితే చాలు సార్. ఎవరికీ కనపడదు. మా పార్ట్‌నర్ కూడా అడిగాడు."

చివరికి ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. కారును చర్చి గేటు దాటించి రోడ్డు మీద పెట్టాక అంకుల్ తన నిమ్మకాయలు తొక్కించుకున్నాడు, మావయ్య అటు తిరిగి నిలబడ్డారు. నార్త్ కరోలినాలోని పెద్ద టీమ్ ఒకటి ఈ ఏడు మన ట్రాక్‌కు మనిషిని పంపుతుందనీ, కాలేబ్‌ను చూస్తే వదలరనీ మావయ్య అందరికీ చెప్పారు. ఆ మాట ప్రతి ఏప్రిల్లోనూ చెబుతారట.

మేలో కాలేబ్ కారు కుడి పక్క మొత్తం గోడకు రాసుకుపోయింది. ఎమర్జెన్సీలో డాక్టర్ చూసి తలకు అదురు తగిలిందని, కొన్నాళ్లు రెస్ట్ తీసుకోమంది. ఒక శనివారం మానేశాడు. మరుసటి శనివారం మళ్లీ ఎక్కాడు.

"డాక్టర్ కొన్నాళ్లంది కదా," అన్నాను.

"ఐ యామ్ ఫైన్ రూతు. తల కొంచెం నొప్పి ఉంది. అంతే."

జూన్ నుంచి ఇంట్లో చిన్న చిన్న విడ్డూరాలు మొదలయ్యాయి. కాలేబ్ కుడి భుజం తలుపు చట్రాలకు తగిలేది. ఒకరోజు భోజనాల దగ్గర పప్పు లేదా అనడిగాడు. పప్పు గిన్నె వాడి కుడి చేతి పక్కనే ఉంది. నేను నోరు తెరిచేలోపు అత్తయ్య లేచి, గిన్నె తీసి ఎడమ పక్కన పెట్టి కూర్చుంది. తర్వాత గరాజ్‌కి కూడా నన్నే డ్రైవ్ చెయ్యమనేవాడు. వారమంతా నా పక్క సీట్లో బుద్ధిగా కూర్చునేవాడు. శనివారం మాత్రం పంజరమెక్కి గోడ పక్కన గంటకు వంద మైళ్లు పోయేవాడు.

కళ్ల డాక్టర్‌ని బుక్ చేస్తానన్నాను.

"అలర్జీ అమ్మా. ఈ ఊళ్లో పుప్పొడి ఎక్కువ," అన్నారు మావయ్య. "నాకూ అలానే ఉంటది. సీజన్ అయిపోనీ, అన్నీ చూపిద్దాం."

అయినా బుక్ చేశాను. వాళ్లు శనివారం టైమ్ ఇచ్చారు. రేసు రోజని మావయ్య ఫోన్ చేసి కాన్సిల్ చేయించారు. నాకు చెప్పలేదు, డాక్టర్ ఆఫీసు నుంచి మెసేజ్ వస్తే తెలిసింది. ఒళ్లు మండిపోయింది. కాలేబ్‌ను అడిగితే సీజన్ అయ్యాక వెళ్తా, ప్రామిస్ అన్నాడు. ముప్పైకి దగ్గర పడుతున్న మగాడు తండ్రి మాట జేబులో పెట్టుకుని తిరుగుతుంటే నేను మాత్రం ఏం చేయను.

ఇక్కడ రేడియో సంగతి చెప్పాలి. పంజరంలో ఉన్నవాడు తల తిప్పలేడు. హెల్మెట్‌ను పట్టీలతో కదలకుండా కడతారు. పక్కన ఏ కారు ఉందో వాడికి చెప్పడానికి ప్రతి టీముకూ ఒక మనిషి స్టాండ్స్ కప్పు మీద నిలబడి రేడియోలో మాట్లాడుతూ ఉంటాడు. వీళ్ల మనిషి మావయ్యే. ఆ రేడియో మాటలు ఎవరైనా వినొచ్చు. జనంలో సగం మంది స్కానర్లు చెవులకు తగిలించుకునే వస్తారు, పక్క టీములవాళ్లూ వింటారు, అవతలి గట్టు మీద టవర్‌లో కూర్చునే అధికారులూ వింటారు. అందుకని మావయ్య తెలుగులోనే మాట్లాడేవారు. ఎడమ పక్క కారుంటే లోపల, కుడి పక్క ఉంటే బయట, ఏదీ లేకపోతే ఖాళీ. బయల్దేరమనడానికి కాలవ దావీదు కండక్టర్ అనే మాటే, రైట్ రైట్. ఆపమనడానికి కండక్టర్లు హోల్డాన్ అంటారు. అది కూడా వీళ్ల పద్ధతిలో ఉందట గానీ, ఎవరి నోటా నేను వినలేదు.

మా ముందు వరసలో కూర్చునే బెవర్లీ అనే పెద్దావిడ అందరినీ వదిలి మా రేడియోనే పెట్టుకునేది. ఒక్క ముక్కా అర్థం కాదు, కానీ పాట పాడుతున్నట్టు ఉంటుందని నాతో చెప్పింది. అర్థమైతే తీసి పారేస్తావులే తల్లీ అనుకున్నాను.

ఆగస్టులో మావయ్య పక్క టీము మనిషితో గొడవపడి, అతని హెడ్‌సెట్ లాక్కుని కప్పు మీంచి కిందికి విసిరారు. అధికారులు ఆయన్ని సీజన్ ముగిసేదాకా కప్పు ఎక్కొద్దన్నారు. సరిగ్గా అదే వారంలో నార్త్ కరోలినా మనిషి నిజంగానే వస్తున్నాడని కబురొచ్చింది. ఇంట్లో చావు జరిగినట్టు అయింది.

ముందు అత్తయ్యకు హెడ్‌సెట్ పెట్టి ప్రాక్టీస్ చేయించారు. మొదటి మలుపు నుంచి చివరి దాకా యేసయ్యా, యేసయ్యా తప్ప ఆవిడ నోట ఇంకో మాట రాలేదు. తెలుగు వచ్చినవాళ్లలో మిగిలింది నేనే.

డైనింగ్ టేబుల్ మీద మావయ్య నాకు పాఠం చెప్పారు. ఆవకాయ సీసా మా కారు, ఉప్పు డబ్బా పక్క కారు. అటూ ఇటూ జరుపుతూ చెప్పించారు. నేను లోపల, బయట, ఖాళీ అంటూ చెప్పాను.

"బాగా చెబుతున్నావమ్మా. ఒక్కటే. బయటది మాత్రం కాస్త ముందుగా చెప్పు. ఆపకుండా చెబుతానే ఉండు."

"లోపలది?"

"లోపలది వాడు చూసుకుంటాడు."

"బయటది ఎందుకు చూసుకోడు మావయ్యా?"

ఆయన ఉప్పు డబ్బా తీసి స్టవ్ దగ్గర పెట్టేశారు. "వాడికి అలా అలవాటమ్మా," అన్నారు. అత్తయ్య సింకు దగ్గర నీళ్లు తిప్పింది.

ఆ శనివారం కప్పెక్కాను. చుట్టూ అందరూ మగాళ్లే. హెడ్‌సెట్లు పెట్టుకుని, చేతులు కట్టుకుని, దేశాన్ని నడుపుతున్నవాళ్లలా నిలబడ్డారు. కింద కంచె పక్కన మావయ్య, చక్రపాణి అంకుల్. స్టాండ్స్ మధ్యలో నీలం టోపీ పెట్టుకుని నార్త్ కరోలినా మనిషి హాట్‌డాగ్ తింటున్నాడు. ఒక కుటుంబం మొత్తం ఆ హాట్‌డాగ్ వైపే చూస్తోంది.

రైట్ రైట్ అన్నాను. రేసు మొదలైంది.

మొదట్లో బాగానే సాగింది. కాలేబ్ నలుగురిని దాటి రెండో స్థానానికి వచ్చాడు. ఒప్పుకోవాలి, వాడికి చెయ్యి ఉంది. తిరుగుతున్నది గుండ్రంగానే అయినా అంత నున్నగా తిరిగేవాడు ఇంకొకడు లేడు. నాకే తెలియకుండా కాస్త గర్వపడ్డాను. అంతలో ఒక పసుపు కారు వచ్చి వాడికి కుడి పక్కన చేరింది. నేను బయట అన్నాను. ఇద్దరూ తలుపుకు తలుపు ఆనించినట్టు మలుపు తిరిగారు. వాళ్లనే చూస్తూ ఒక్క క్షణం ఆగాను. ఆ ఒక్క క్షణంలోనే కాలేబ్ గొంతు వినిపించింది.

"బయట ఎవరైనా ఉన్నారా?"

పసుపు కారు వాడి కిటికీని మింగేసేంత దగ్గరలో ఉంది. పప్పు గిన్నె గుర్తొచ్చింది.

"బయటే. బయటే ఉన్నాడు. పసుపు కారు కనపడట్లేదా నీకు?"

ఇద్దరూ అలాగే తర్వాతి మలుపులోకి దిగారు.

"కాలేబ్, కుడి కన్ను కనిపిస్తోందా?"

"నువ్వు చెప్పు, చాలు. డాడీ ఇలా ఆపడు. చెప్తూ ఉంటాడు."

"ఎప్పటి నుంచి?"

"మే నుంచి."

"మావయ్యకు తెలుసా?"

"తెలుసు. అందుకే ఓకే. ప్లీజ్ రూతు, బయట చెప్పు."

బయట, బయట, ఇంకా బయట, ఇప్పుడు ఖాళీ అని చెప్పాను. నోరు దాని పని అది చేసుకుపోతోంది. కంచె దగ్గర మావయ్య రెండు చేతులూ పైకెత్తి ఊపుతున్నారు. ఆ మనిషి తన కొడుకు కన్ను పోయిందని తెలిసి, దాని బదులు తన గొంతు పెట్టి మూడు నెలలు తోలించాడు. తను ఎక్కడానికి వీల్లేనప్పుడు ఆవకాయ సీసాతో నాకు నేర్పించి నా గొంతు పెట్టాడు. జీవితంలో ఏ మనిషి మీదా నాకంత రోత పుట్టలేదు.

"హోల్డాన్," అన్నాను.

"వాట్?"

"హోల్డాన్. ఆపు. లోపలికొచ్చెయ్."

"నో. కొంచెమే ఉంది. ఆయన చూస్తున్నాడు రూతు. నీకు తెలీదు ఇది."

చిలక్కి చెప్పినట్టు ఇంకోసారి చెప్పాను. వాడు వినలేదు. పసుపు కారు మళ్లీ కుడి పక్కకు వస్తోంది. రేడియో బటన్ నొక్కి పట్టుకున్నాను.

"సిక్స్‌టీ సిక్స్ డ్రైవర్ కెనాట్ సీ," అన్నాను, నిదానంగా, ఆఫీసు మీటింగులో చెప్పినట్టు. "హి ఈజ్ బ్లైండ్ ఇన్ ద రైట్ ఐ. సిన్స్ మే. ప్లీజ్ స్టాప్ దిస్ కార్."

కింద బెంచీల్లోంచి బెవర్లీ వెనక్కి తిరిగి, తలెత్తి నన్ను చూసింది. కప్పు మీద మగాళ్లు ఒక్కొక్కరే నా వైపు తిరిగారు. పసుపు కారు మనిషి తన రేడియోలో ఏదో అన్నాడు. ఆ కారు వెంటనే వెనక్కి తగ్గి కాలేబ్‌కు చోటిచ్చింది. కాసేపటికి టవర్ నుంచి మా నంబరుకు నల్ల జెండా చూపించారు. నల్ల జెండా అంటే ట్రాక్ దిగిపొమ్మని. కాలేబ్ ఇంకొక చుట్టు తిరిగి, దిగిపోయాడు.

నేను కిందికి వచ్చేసరికి నీలం టోపీ వెళ్లిపోయింది. చక్రపాణి అంకుల్ ఫోన్ చూసుకుంటున్నాడు. మావయ్య నా ముందుకొచ్చి నిలబడ్డారు.

"ఇంగ్లీషులో చెప్పావు," అన్నారు.

అంతే. కన్ను గురించి కాదు. ఇంటికి వెళ్లాక అత్తయ్యదీ అదే పాట. "తెలుగులో చెప్పాల్సిందమ్మా. ఇంట్లో విషయం కదా. ఊరందరికీ తెలిసేలా చెప్పేసరికి ఆయన ప్రాణం ఉసూరుమంది." కాలేబ్ అయితే నాతో మాట్లాడటమే మానేశాడు. వంటింట్లో ఎదురుపడితే గోడకు ఆనుకుని పక్కకు తప్పుకునేవాడు. అదీ ఎడమ పక్కకే.

సోమవారం నేనే తీసుకెళ్లాను. కుడి కంటి వెనక పొర ఊడిపోయి చాలా రోజులైందంది డాక్టర్. మేలోనే వస్తే నిలబెట్టేవాళ్లమంది. ఆపరేషన్ చేశారు గానీ ఇక వెలుగూ నీడా తప్ప ఏమీ కనిపించదు. ఎడమ కంట్లో కూడా చిన్న చిరుగు ఉందట. దాన్ని లేజర్‌తో అతికించారు. ఇంకొక్కసారి గోడకు తగిలి ఉంటే అదీ పోయేదని ఆవిడ కాలేబ్ మొహంలోకి చూసి చెప్పింది. కాలేబ్ తల వంచుకున్నాడు. మావయ్య డాక్టర్‌ను అడిగిన ప్రశ్న ఒక్కటే, వచ్చే సీజన్‌కు ఎక్కొచ్చా అని. ఆవిడ సమాధానం చెప్పకుండా కంప్యూటర్ వైపు తిరిగింది. తెల్లవాళ్ల మర్యాద నాకు ఆ రోజే నచ్చింది.

సెప్టెంబరులో కాలేబ్ కంటికి కట్టు విప్పిన ఆదివారం చర్చికి వెళ్లాం. పాట అయ్యాక పాస్టర్ గారు సాక్ష్యాలు ఎవరైనా చెబుతారా అన్నారు. మా చర్చిలో ఎవరికైనా మేలు జరిగితే ముందుకొచ్చి మైకులో చెప్పుకోవడం అలవాటు. అందరికంటే ముందు మావయ్య లేచారు. కొత్త సూటు.

"ప్రైజ్ ద లార్డ్. నా కుమారుని విషయంలో దేవుడు చేసిన గొప్ప కార్యం చెప్పడానికి నిలబడ్డాను," అన్నారు. "ఆ శనివారం ఉదయం ప్రార్థనలో ప్రభువు నాతో మాట్లాడాడు. సుందర్ రాజ్, నీ కుమారుని కన్ను ప్రమాదంలో ఉంది, ఆపు అన్నాడు. నేను విధేయుడనై, కోడలి ద్వారా ఆ రేసును ఆపించాను. ఈ రోజు వాడి ఎడమ కన్ను నిలబడిందంటే అది దేవుని మహిమ."

స్తోత్రం అన్నారు అందరూ. చప్పట్లు కొట్టారు. అత్తయ్య కొంగుతో కళ్లు తుడుచుకుంది. పాస్టర్ గారు చిరునవ్వుతో నా వైపు చూసి, రూతమ్మా, నువ్వు కూడా రెండు మాటలు చెప్పు తల్లీ అన్నారు.

వెళ్లి మైకు తీసుకున్నాను. మావయ్య నా పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"అందరికీ వందనాలు," అన్నాను. "ఆ రోజు మైకులో ఇంగ్లీషులో చెప్పానని మా ఇంట్లో బాధపడ్డారు. అందుకని ఇక్కడ తెలుగులో చెబుతున్నాను. కాలేబ్‌కు మే నెల నుంచి కుడి కన్ను కనపడట్లేదు. ఆ సంగతి మావయ్యకు మే నెల నుంచి తెలుసు. నేను బుక్ చేసిన డాక్టర్‌ను ఆయనే కాన్సిల్ చేయించారు. ఇదే నా సాక్ష్యం."

ఎవరూ స్తోత్రం అనలేదు. తబలా వాయించే అబ్బాయి తబలా మీద చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయాడు. నేను మైకు స్టాండుకు తగిలించి వచ్చి కాలేబ్ పక్కన కూర్చున్నాను. పాస్టర్ గారు గొంతు సవరించుకుని, తర్వాతి పాట నంబరు చెప్పారు.

ఆరాధన అయ్యేదాకా కాలేబ్ తన అరచేతుల్నే చూసుకుంటూ కూర్చున్నాడు. అందరూ లేచాక వాడూ లేచి, నన్ను దాటి వెళ్లకుండా నిలబడ్డాడు. మేలోనే వస్తే కన్ను నిలిచేదని డాక్టర్ నోట విన్నాక కూడా వాడు తండ్రి పక్కనే నడిచేవాడు, తండ్రి కారులోనే ఎక్కేవాడు. ఆ రోజు మాత్రం ఎడమ చేత్తో నా భుజం పట్టుకుని, మెల్లగా చుట్టూ తిరిగొచ్చి నా ఎడమ పక్కకు చేరాడు. నేనిప్పుడు వాడికి కుడి పక్కన ఉన్నాను.

తలుపు దాటి పార్కింగ్‌లోకి వచ్చాం. ఎండ మొహం మీద కొట్టింది. వాడు మెట్టు మీదే ఆగాడు. తల తిప్పలేదు.

"రూతు. బయట?"

చూశాను. మెట్టుకు కుడి పక్కన, చెయ్యి చాస్తే అందేంత దూరంలో, చంకలో బైబిలు పెట్టుకుని మావయ్య నిలబడి ఉన్నారు. కొడుకు తన వైపు చూస్తాడేమోనని ఎదురుచూస్తున్నారు.

"ఖాళీ," అన్నాను.